పొద్దున మొండికేసే కంప్యూటర్

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే బాధ చెబుతున్నాయి: డెస్క్‌టాప్ ఒకసారి ఆన్ అవుతుంది, ఇంకోసారి కాదు. పూర్తిగా ఆగిపోయిన మెషిన్ కంటే ఇదే మనిషిని ఎక్కువ టెన్షన్ పెడుతుంది. రిపేరుకు తీసుకెళ్తే అక్కడ చక్కగా పనిచేస్తుంది, ఇంటికి తెచ్చుకుంటే మళ్లీ మొదలు. అందుకని ఈసారి మూడు ఉత్తరాలకే జవాబు రాస్తున్నాను. మొదటిదానికి ఎక్కువ చోటు తీసుకున్నాను, ఎందుకంటే అందులో చాలామందికి పనికొచ్చే సంగతి ఉంది.

ప్రశ్న: నమస్తే మేడమ్. నేను ఇంట్లో కూర్చుని పుస్తకాల ప్రూఫులు దిద్దుతాను. నా డెస్క్‌టాప్ కొని ఆరేళ్లయింది. రెండు నెలలుగా పొద్దున్నే మొదటిసారి బటన్ నొక్కితే ఫ్యాన్ ఒక్క క్షణం తిరిగి ఆగిపోతోంది. మళ్లీ నొక్కేదాకా కదలదు. నాలుగైదు సార్లు నొక్కాక ఆన్ అవుతుంది. ఒకసారి ఆన్ అయిందంటే రాత్రి దాకా ఏ ఇబ్బందీ లేదు, మధ్యలో రీస్టార్ట్ చేసినా వెంటనే వస్తుంది. చలి పెరిగాక ఇంకా ఎక్కువైంది. రాత్రి పడుకునే ముందు గోడ దగ్గర స్విచ్ కూడా ఆపేస్తాను. రెండుసార్లు గడియారం తప్పు తేదీ చూపించింది. రిపేరుకు ఇస్తే ర్యామ్ మార్చారు, తగ్గలేదు. ఇప్పుడు మదర్‌బోర్డు పోయిందంటున్నారు. పని ఆగిపోతుందన్న భయంతో వారం నుంచి రాత్రిళ్లు కూడా ఆపడం లేదు. మదర్‌బోర్డు మార్చేయమంటారా?

జవాబు: వద్దమ్మా, ఇప్పుడే మార్చకండి.

మీ ఉత్తరంలో ‘పొద్దున్నే’ అన్న మాట కింద గీత గీసుకున్నాను. ‘చలి పెరిగాక’ అన్నచోట ఇంకో గీత. ఈ రెండూ చదవగానే నా అనుమానం ఎస్‌ఎంపీఎస్ మీదికి వెళ్లింది. కేబినెట్‌లో వెనకవైపు, కరెంటు తీగ గుచ్చే డబ్బా అది. మదర్‌బోర్డు అంటే భాగాలన్నీ గుచ్చి ఉండే పెద్ద పలక. దాని మీదికి అనుమానం వెళ్లాలంటే ఇంకా బలమైన కారణం కావాలి.

బటన్ నొక్కిన తర్వాత మొదటి సెకనులో ఏం జరుగుతుందో చెబుతాను. కంప్యూటర్ ఆఫ్‌లో ఉన్నా, గోడ దగ్గర స్విచ్ వేసి ఉంటే ఎస్‌ఎంపీఎస్ ఒక చిన్న 5 వోల్టుల కరెంటును బోర్డుకు ఇస్తూనే ఉంటుంది. దాన్ని స్టాండ్‌బై అంటాం, ఊదా రంగు తీగలో వస్తుంది. మీరు బటన్ నొక్కగానే బోర్డు ఆకుపచ్చ తీగ ద్వారా ‘ఇక మొదలుపెట్టు’ అని ఎస్‌ఎంపీఎస్‌కు చెబుతుంది. అప్పుడు అది 12 వోల్టులు, 5 వోల్టులు, 3.3 వోల్టులు తయారుచేసి, అవి నిలకడగా ఉన్నాయని తనకు నమ్మకం కుదిరాక, బూడిద రంగు తీగలో ‘పవర్ గుడ్’ అనే సంకేతం పంపుతుంది. దీనికి సుమారు 100 నుంచి 500 మిల్లీసెకన్లు పడుతుంది. ఆ సంకేతం వచ్చేదాకా బోర్డు ప్రాసెసర్‌ను పని మొదలుపెట్టనివ్వదు. వోల్టేజీ తడబడితే సంకేతం రాదు, లేదా ఎస్‌ఎంపీఎస్ తనను తాను కాపాడుకోవడానికి ఆగిపోతుంది. బయటికి మనకు కనిపించేది ఫ్యాన్ ఒక్క చుట్టు తిరిగి ఆగడం మాత్రమే.

చలికి దీనికి సంబంధం ఏమిటంటే, ఎస్‌ఎంపీఎస్ లోపల కెపాసిటర్లు ఉంటాయి, కరెంటును కాసేపు దాచుకుని నిలకడగా అందించే చిన్న చిన్న డబ్బాల్లాంటివి. వాటిలో ద్రవం లాంటి ఎలక్ట్రోలైట్ ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికి అది కొంచెం కొంచెంగా ఎండిపోతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే ఆ కెపాసిటర్ ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఈ రంగంలో ఒక లెక్క ఉంది. ఎండిన కెపాసిటర్ చల్లగా ఉన్నప్పుడు ఇంకా బలహీనంగా ఉంటుంది, ఎందుకంటే చలికి ఎలక్ట్రోలైట్ చిక్కబడి లోపలి నిరోధం పెరుగుతుంది. మీరు నాలుగైదు సార్లు నొక్కేసరికి అది కాస్త చార్జ్ అయి, కాస్త వెచ్చబడుతుంది. అప్పుడు ఆన్ అవుతుంది. ఆన్ అయ్యాక వేడి మీద ఉంటుంది కాబట్టి రాత్రి దాకా బాగానే నడుస్తుంది.

మధ్యలో రీస్టార్ట్ చేస్తే వెంటనే వస్తోందని రాశారు. దాన్నిబట్టి ఎస్‌ఎంపీఎస్ మంచిదే అనుకోకండి. రీస్టార్ట్‌లో ఎస్‌ఎంపీఎస్ సాధారణంగా ఆగదు, అది కరెంటు ఇస్తూ ఉండగానే కంప్యూటర్ మళ్లీ మొదలవుతుంది. చాలామంది ఇక్కడే పొరబడతారు.

నేను కూడా ఇలాగే పొరబడ్డాను. ఒక కాలేజీ కంప్యూటర్ ల్యాబ్ నేను చూసుకుంటాను, 24 మెషిన్లు. వాటిలో కిటికీ పక్కన ఉన్నది సరిగ్గా మీ కంప్యూటర్‌లాగే చేసేది. ర్యామ్ తీసి పెట్టాను. తగ్గినట్టే అనిపించింది. మళ్లీ వచ్చింది. చివరికి మదర్‌బోర్డు మార్చాను. నాలుగు రోజులు బాగుంది, ఐదో రోజు మళ్లీ అదే తంతు. అప్పటికి నేను చేయని పని ఒక్కటే మిగిలింది, రాసుకోవడం. ఒక నోట్‌బుక్ ఆ టేబుల్ మీద పెట్టి, ఎప్పుడు ఆన్ చేశారో, ఎన్నో నొక్కుకు వచ్చిందో రాయమని పిల్లలకు చెప్పాను. మూడు వారాల తర్వాత చూస్తే ఇబ్బంది పెట్టిన రోజులన్నీ సోమవారాలే, ఒక్కటి మాత్రం సెలవు మర్నాడు. అంటే ఒకటిన్నర రోజు కరెంటు లేకుండా చల్లబడి ఉన్నప్పుడే అది మొండికేస్తోంది. ఎస్‌ఎంపీఎస్ మార్చాను, ఆ రోజుతో ఆ గోల తీరింది. పాత మదర్‌బోర్డు ఇంకో మెషిన్‌లో ఇప్పటికీ పనిచేస్తోంది. ఒక మంచి బోర్డును చేతులారా పక్కన పడేశానన్న బాధ నాకు చాలాకాలం ఉండిపోయింది. అందుకే మీకు ఇంత గట్టిగా చెబుతున్నాను.

మీరూ ముందు ఒక కాగితం తీసుకోండి. వారం రోజులు రాత్రిపూట ఆపకుండా ఉంచారు కదా, ఇక షట్‌డౌన్ చేయడం మొదలుపెట్టండి. మొదటి మూడు రాత్రులు షట్‌డౌన్ చేసి, గోడ దగ్గర స్విచ్ మాత్రం వేసి ఉంచండి. తర్వాతి మూడు రాత్రులు అది కూడా ఆపేయండి. ప్రతి పొద్దునా ఎన్నో నొక్కుకు వచ్చిందో రాయండి. స్విచ్ వేసి ఉంచిన రోజుల్లో తేలిగ్గా వచ్చి, ఆపేసిన రోజుల్లో మొరాయిస్తే అనుమానం ఎస్‌ఎంపీఎస్ మీద, అందులోనూ ఆ స్టాండ్‌బై భాగం మీద బాగా బలపడుతుంది. ఈ పరీక్ష మొదలుపెట్టే ముందు మీ ప్రూఫులన్నీ పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి పెట్టుకోండి. ఏదో ఒక పొద్దున అది ఎన్నిసార్లు నొక్కినా రాకపోవచ్చు.

ఆ ఆరు రోజుల్లోనే ఇంకో చిన్న అనుమానాన్ని కూడా తీర్చుకోవాలి. బటనే పాడై ఉండొచ్చు. లోపల స్ప్రింగ్ అరిగి బటన్ నొక్కినట్టే ఇరుక్కుపోతే, కంప్యూటర్ ఆన్ అయి నాలుగైదు సెకన్లకు తనంతట తానే ఆగిపోతుంది, ఎందుకంటే బటన్ అంతసేపు నొక్కి పట్టుకుంటే ఆఫ్ చేయమని అర్థం. మీది ఒక్క క్షణంలో ఆగుతోంది కాబట్టి ఇది కాదనే అనుకుంటున్నాను. అయినా కేబినెట్ ముందు రీసెట్ బటన్ ఉంటే, బోర్డు మీద పవర్ స్విచ్ పిన్నుల దగ్గరి తీగ తీసి రీసెట్ తీగను అక్కడ గుచ్చి, రీసెట్ బటన్‌తో ఆన్ చేసి చూడండి. ఐదు నిమిషాల పని, పైసా ఖర్చు లేదు. కరెంటు తీగ రెండు చివరలా గట్టిగా దిగి ఉందో లేదో కూడా చూడండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు వాడుతుంటే అది పక్కన పెట్టి నేరుగా గోడ ప్లగ్‌కే ఇవ్వండి.

ర్యామ్ ఎందుకు కాదంటే, ర్యామ్ తప్పు ఉన్నప్పుడు మామూలుగా ఫ్యాన్లు తిరుగుతూనే ఉంటాయి, డిస్‌ప్లే రాదు, స్పీకర్ ఉంటే బీప్‌లు వినిపిస్తాయి. కొన్ని బోర్డులు ర్యామ్ కుదరక తమంతట తామే ఆగి మళ్లీ ఆన్ అవుతాయి, నిజమే. కానీ మీది ఆగిపోయి మీరు నొక్కేదాకా అలాగే ఉంటోందని రాశారు. తేడా అక్కడ ఉంది.

వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ ఉన్నవాళ్లెవరైనా తెలిసుంటే, డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి ఊదా తీగకు, నల్ల తీగకు మధ్య కొలవమనండి. 4.75 నుంచి 5.25 మధ్య ఉండాలి. ఆన్ అయ్యాక పసుపు తీగలో 11.4 నుంచి 12.6 మధ్య ఉండాలి. ఈ హద్దులు దాటి ఉంటే ఎస్‌ఎంపీఎస్ దోషం తేలిపోయినట్టే. హద్దుల్లో ఉన్నా అది మంచిదని మాత్రం తేలదు. ఎండిన కెపాసిటర్ వల్ల వచ్చే వేగమైన ఒడిదుడుకులు మామూలు మల్టీమీటర్‌కు కనిపించవు. కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లలో తీగలన్నీ నల్లగానే ఉంటాయి, అప్పుడు రంగు చూసి కాక పిన్ను స్థానం చూసి కొలవాలి. అది తెలిసినవాళ్లు చేయాల్సిన పని.

అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష, పనిచేస్తున్న ఇంకో కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్‌ను మూడు నాలుగు రోజులు అరువు తెచ్చి పెట్టి చూడటం. రెండు మూడు పొద్దులు మొదటి నొక్కుకే వచ్చిందంటే ఇక సందేహం అక్కర్లేదు. ఇక్కడ ఒక్కటి మాత్రం మరిచిపోకండి. తీగలు ఊడదీసి మార్చుకునే రకం ఎస్‌ఎంపీఎస్ అయితే, దాని తీగలు దానితోనే రావాలి. పాత ఎస్‌ఎంపీఎస్ తీగలు కొత్తదానికి సరిగ్గా పట్టినా లోపలి పిన్నుల వరస వేరేగా ఉండొచ్చు. అలా పెట్టి హార్డ్‌డిస్కులు కాల్చుకున్నవాళ్లు ఉన్నారు. ఇంకో సంగతి, కంపెనీ బిగించి అమ్మే కొన్ని చిన్న డెస్క్‌టాప్‌లలో కనెక్టర్ ఆకారమే వేరు. కొనే ముందు మూత తీసి ఫొటో తీసుకుని వెళ్లండి.

ఎస్‌ఎంపీఎస్ డబ్బాను మాత్రం విప్పకండి. ప్లగ్ తీసేశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా కొంతసేపు నిలిచి ఉండొచ్చు. లోపల కెపాసిటర్ ఉబ్బిందా అని చూడాలన్న కుతూహలం నాకూ ఉంటుంది, కానీ ఇంట్లో చేసే పని కాదది. మదర్‌బోర్డు మీది కెపాసిటర్లను మాత్రం టార్చ్ వేసి నిశ్చింతగా చూడొచ్చు. ప్రాసెసర్ చుట్టూ ఉన్నవాటి తలలు చదునుగా ఉండాలి. ఉబ్బి ఉన్నా, గోధుమ రంగు మరక కారి ఉన్నా అప్పుడు బోర్డు గురించి మాట్లాడదాం.

గడియారం సంగతి వేరే దోషం. బోర్డు మీద ఉండే బిళ్ల సెల్ అయిపోవచ్చింది, దాన్ని సీఆర్2032 అంటారు. 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం, 3 వోల్టులు. గోడ స్విచ్ వేసి ఉన్నంతసేపూ గడియారానికి స్టాండ్‌బై కరెంటు అందుతుంది, అందుకే రాత్రి స్విచ్ ఆపేసిన రోజుల్లోనే మీకు తేదీ తప్పుతోంది. 2.7 వోల్టుల కన్నా తగ్గితే నేను ఆలోచించకుండా మార్చేస్తాను. ఆరేళ్లయింది కాబట్టి కొలవకపోయినా మార్చండి. కొన్ని బోర్డులు ఈ సెల్ పూర్తిగా పోతే ఆన్ అవడానికే మొరాయిస్తాయి, కాబట్టి ముందు ఇది చేసి, తర్వాత ఆ ఆరు రోజుల పరీక్ష మొదలుపెట్టడం మంచిది. సెల్ తీసే ముందు బయోస్‌లోకి, అంటే విండోస్ రాకముందే తెరుచుకునే బోర్డు సెట్టింగుల తెరలోకి వెళ్లి ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. సెల్ తీస్తే బూట్‌కు, డిస్కుకు సంబంధించిన సెట్టింగులు మారిపోయి విండోస్ తెరుచుకోకపోవచ్చు. ఫొటోలు ఉంటే మళ్లీ అలాగే పెట్టుకోవచ్చు.

ప్రశ్న: మేడమ్, సెలవుల్లో నాన్నగారి కంప్యూటర్ విప్పి దుమ్ము దులిపాను. మళ్లీ బిగించాక ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, మానిటర్ మాత్రం నల్లగా ఉంది. పదిసార్లలో రెండుసార్లు డిస్‌ప్లే వస్తోంది. నాన్నగారికి ఇంకా చెప్పలేదు. నేనే పాడుచేశానా?

జవాబు: పాడుచేసి ఉండరు బాబూ. పదిలో రెండుసార్లు వస్తోందంటే ఏదీ కాలిపోలేదనే చెప్పాలి. ఏదో ఒకటి పూర్తిగా దిగలేదు. నాన్నగారికి ఈరోజే చెప్పండి, ఇద్దరూ కలిసి చూస్తే ఒకరు టార్చ్ పట్టుకోవచ్చు.

డిస్‌ప్లే రానప్పుడు ముందు కీబోర్డు మీద నమ్‌లాక్ నొక్కి చూడండి. దాని లైటు వెలిగి ఆరుతుంటే కంప్యూటర్ లోపల పనిచేస్తున్నట్టే, తప్పు మానిటర్ దాకా వెళ్లే దారిలో ఉంది. వేరే గ్రాఫిక్స్ కార్డు ఉన్న మెషిన్ అయితే మానిటర్ కేబుల్‌ను ఆ కార్డుకే గుచ్చాలి. దుమ్ము దులిపాక హడావిడిలో పైనున్న మదర్‌బోర్డు పోర్టుకు గుచ్చడం నేను చాలాసార్లు చూశాను. కార్డు కూడా స్లాట్‌లో సమంగా దిగిందో లేదో చూసుకోండి, బరువైన కార్డులు ఒకవైపు ఒరుగుతాయి.

నమ్‌లాక్ స్పందించకపోతే ర్యామ్ దగ్గరికి రండి. ప్లగ్ పూర్తిగా తీసి, పవర్ బటన్ ఒకసారి నొక్కి మిగిలిన కరెంటు పోనిచ్చి, కేబినెట్ ఇనుప భాగాన్ని చేత్తో తాకి అప్పుడు మొదలుపెట్టండి. ర్యామ్ తీసి, బంగారు రంగు అంచును వేలితో తాకకుండా మళ్లీ పెట్టండి. రెండు వైపులా సమానంగా నొక్కాలి, ‘టక్’ మని చప్పుడు రావాలి. కొన్ని బోర్డుల్లో లివర్ ఒకవైపే ఉంటుంది, రెండోవైపు సగం దిగినా దిగినట్టే కనిపిస్తుంది. మోసపోయేది అక్కడే. రెండు ర్యామ్‌లు ఉంటే ఒక్కటే పెట్టి చూడండి, తర్వాత రెండోది. ఒక్కటే పెట్టేటప్పుడు చాలా బోర్డుల్లో ప్రాసెసర్ వైపు నుంచి రెండో స్లాట్ వాడాలి, మాన్యువల్‌లో చూసుకుంటే ఇంకా మంచిది. రబ్బరుతో రుద్దమని అందరూ చెబుతారు. నేను దాన్ని ఆఖరికి ఉంచుతాను. తీసి పెట్టడంతోనే చాలావరకు సరిపోతుంది. సరిపోకపోతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. రబ్బరు పొడి స్లాట్‌లో పడితే మనమే కొత్త తలనొప్పి తెచ్చుకున్నట్టు.

ఇంకొక్క తీగ ఉంది, కొత్తగా విప్పినవాళ్లు తరచూ మరిచిపోయేది. 24 పిన్నుల పెద్ద కనెక్టర్ కాకుండా ప్రాసెసర్ మూల దగ్గర 4 లేదా 8 పిన్నుల కనెక్టర్ ఉంటుంది. ప్రాసెసర్‌కు కరెంటు దాంట్లోంచే వెళ్తుంది. అది ఊడి ఉన్నా ఫ్యాన్లు హాయిగా తిరుగుతాయి, డిస్‌ప్లే మాత్రం రాదు. సగం దిగి ఉంటే మీలాగే ఒకసారి వచ్చి ఒకసారి రాదు. బోర్డు అంచున సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని రాసిన నాలుగు చిన్న లైట్లు ఉన్నాయేమో చూడండి. ఏది ఆరకుండా వెలిగి అలాగే నిలిచిపోతే తప్పు అక్కడుంది. ఈ లైట్లు చూడకుండానే చాలామంది బోర్డు పోయిందనుకుంటారు.

ప్రశ్న: నా కంప్యూటర్ బటన్ నొక్కగానే ఆన్ అవుతుంది. కానీ రాత్రి షట్‌డౌన్ చేస్తే పొద్దున విండోస్ లోగో దగ్గర చుక్కలు తిరుగుతూనే ఉంటాయి. బలవంతంగా ఆపి మళ్లీ ఆన్ చేస్తే మామూలుగా వస్తుంది. రీస్టార్ట్ చేస్తే ఎప్పుడూ ఇబ్బంది లేదు. ఇదీ ఎస్‌ఎంపీఎస్సేనా?

జవాబు: కాదండీ. లోగో దాకా వచ్చిందంటే కరెంటు పని ముగిసినట్టే. ఇక్కడ తేడా షట్‌డౌన్‌కు, రీస్టార్ట్‌కు మధ్య ఉంది. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి ‘ఫాస్ట్ స్టార్టప్’ అని ఒక సదుపాయం ఉంది. అది పనిచేస్తున్నప్పుడు షట్‌డౌన్ నిజమైన షట్‌డౌన్ కాదు. విండోస్ తన లోపలి స్థితిని డిస్కులో దాచి పడుకుంటుంది, పొద్దున దాన్నే తిరిగి తెస్తుంది. రీస్టార్ట్ మాత్రం అంతా మొదటి నుంచి మొదలుపెడుతుంది. ఏదైనా డ్రైవర్, అంటే ఒక భాగాన్ని నడిపించే చిన్న ప్రోగ్రాం, ఆ దాచిన స్థితిలోంచి సరిగ్గా లేవకపోతే మీకు వచ్చిన ఇబ్బందే వస్తుంది.

ఇది మీ మెషిన్‌లో ఉందో లేదో తెలుసుకోవడం తేలిక. పొద్దున లోగో దగ్గర ఆగకుండా మామూలుగా తెరుచుకున్న ఒక రోజున టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ దగ్గర ‘అప్ టైమ్’ చూడండి. రాత్రి ఆపేసినా అక్కడ రెండు మూడు రోజులని చూపిస్తే ఫాస్ట్ స్టార్టప్ నడుస్తోందని అర్థం. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో ఎడమవైపు పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే లింకు, అక్కడ అడ్మినిస్ట్రేటర్ అనుమతితో మార్చే లింకు నొక్కి ‘టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్’ ముందున్న టిక్ తీసేయండి. ముందుగా ఒక్కరోజు పరీక్షించాలనుకుంటే షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి, ఆ ఒక్కసారికి పూర్తిగా ఆగుతుంది.

టిక్ తీశాక కూడా లోగో దగ్గర ఆగితే డిస్కును అనుమానించాలి. డిస్కు తన ఆరోగ్యం గురించి కొన్ని అంకెలు రాసుకుంటుంది, క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాం వాటిని చూపిస్తుంది. హార్డ్‌డిస్క్ అయితే 05, సీ5 వరసల్లో ‘రా వాల్యూస్’ అన్నచోట సున్నా కాక వేరే అంకె ఉండి రోజురోజుకూ పెరుగుతుంటే ముందు ఫైళ్లు కాపీ చేసుకోండి, మిగతాది తర్వాత. సీ7 వరస ఒక్కటే పెరుగుతుంటే డిస్కు మీద తొందరపడకండి, ముందు డిస్కును బోర్డుకు కలిపే సాటా కేబుల్ మార్చి చూడండి.